తెరుచుకోని ఫైలులో తెలుగు ఉందో లేదో స్ట్రింగ్స్ కమాండ్‌తో తేల్చుకోవడం ఎలా

కడప ఏడు రోడ్ల కూడలికి దగ్గరలో డీటీపీ దుకాణం నడిపే నా మిత్రుడు పోయిన వేసవిలో ఒక పెన్ డ్రైవు తెచ్చి నా చేతిలో పెట్టాడు. చెడిపోయిన పాత హార్డ్ డిస్కు నుంచి రికవరీ సాఫ్ట్‌వేరు ఏరి తీసిన ఫైళ్లు అందులో నాలుగు వందలకు పైగా ఉన్నాయి. వేటికీ అసలు పేర్లు మిగలలేదు, చాలావాటికి పేరు చివర ఉండే ఎక్స్‌టెన్షన్ కూడా లేదు. జమ్మలమడుగు ప్రాంతంలో పనిచేసి విశ్రాంతి పొందిన ఒక తెలుగు అయ్యవారు ఊరూరా తిరిగి సేకరించిన చెక్కభజన పాటలను 2003లో ఆ దుకాణంలోనే టైపు చేయించారు గానీ పుస్తకం అచ్చుకు వెళ్లలేదు. ఆ పాటల ఫైలు ఈ గుంపులో ఉందో లేదో తేల్చాలి. మిత్రుడు అప్పటికే స్ట్రింగ్స్ అనే కమాండ్ గురించి ఎక్కడో చదివి, కొన్ని ఫైళ్ల మీద నడిపి చూశాడు. "ఒక్క తెలుగు అక్షరమన్నా రాలేదన్నా, అంతా చెత్తే వస్తాండాది. ఇందులో ఏమీ లేవు" అన్నాడు.

ఫైలు నిండా తెలుగే ఉన్నా, మామూలుగా నడిపినప్పుడు స్ట్రింగ్స్ ఒక్క తెలుగు అక్షరాన్ని కూడా చూపించదు. ఈ సంగతి తెలియక పనికొచ్చే ఫైళ్లను చెరిపేసిన వాళ్లను నేను చూశాను. అందుకే ఆ కమాండ్‌ను మన భాష కోసం ఏ క్రమంలో వాడాలో, ఏ దశలో ఏమి అర్థం చేసుకోవాలో ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

కమాండ్లను ఈ వ్యాసంలో తెలుగు లిపిలోనే ఇచ్చాను. టెర్మినల్‌లో, అంటే కమాండ్లను టైపు చేసే కిటికీలో, వాటిని ఇంగ్లీషు అక్షరాలతో కొట్టాలి. పెద్ద అక్షరం అవసరమైన చోట ప్రత్యేకంగా చెబుతాను, మిగిలినవన్నీ చిన్న అక్షరాలే. స్ట్రింగ్స్ అంటే ఎస్, టి, ఆర్, ఐ, ఎన్, జి, ఎస్. హైఫన్ తర్వాత వచ్చే ఒంటి అక్షరాలను ఇంగ్లీషు అక్షరాల పేర్లుగా చదువుకోవాలి: ఎ అంటే వర్ణమాలలో మొదటిది, ఇ అంటే అయిదోది.

ఈ కమాండ్ చేసే పని

ప్రతి ఫైలూ బైట్ల వరుస, ఒక్కో బైటు విలువ 0 నుంచి 255 వరకు ఉంటుంది. ఇంగ్లీషు అక్షరాలకు, గుర్తులకు సంఖ్యలు కేటాయించిన ఆస్కీ పట్టికలో 32 నుంచి 126 వరకు ఉన్న 95 విలువలు తెరపై కనిపించే అక్షరాలు, అంకెలు, గుర్తులు, ఖాళీ. స్ట్రింగ్స్ ఫైలును మొదటి నుంచి చివరి దాకా చదువుతూ, ఈ 95 విలువలు గానీ ట్యాబు గానీ ఎడతెగకుండా కనీసం నాలుగు వరుసగా వచ్చిన ప్రతిచోటా ఆ ముక్కను ఒక పంక్తిగా చూపిస్తుంది. ఫైలు ఫొటోనా, ప్రోగ్రామా, సగం చెడిపోయిన పత్రమా అని అది పట్టించుకోదు, ఫైలులోని ప్రోగ్రామును నడపదు కూడా. ఏ సాఫ్ట్‌వేరులోనూ తెరుచుకోని ఫైలును పరిశీలించడానికి అది పనికిరావడానికి కారణం ఇదే.

మిత్రుడు చెత్త అన్నది ఎక్కడి నుంచి వస్తుందో చిన్న లెక్కతో తెలుస్తుంది. బైట్లు ఏ అర్థమూ లేకుండా కలగాపులగంగా ఉన్నాయనుకుంటే, ఒక బైటు చూపదగినది అయ్యే అవకాశం 256లో 96. నాలుగు వరుసగా అలా పడే అవకాశం దాదాపు 2 శాతం. అంటే ఒక మెగాబైటు కలగాపులగం నుంచి సుమారు 13,000 అర్థంలేని ముక్కలు బయటికి వస్తాయి. కనీస పొడవును నాలుగు నుంచి ఎనిమిదికి పెంచితే అవి సుమారు 250కి పడిపోతాయి. నిజమైన వాక్యాలు ఎలాగూ ఎనిమిది అక్షరాల కంటే పొడవుగానే ఉంటాయి కాబట్టి, పొడవును ఎనిమిదిగా పెట్టుకోకుండా నేను ఎప్పుడూ పని మొదలుపెట్టను.

తెలుగు ఎందుకు కనిపించదు

ప్రపంచ భాషలన్నిటి అక్షరాలకూ సంఖ్యలు ఇచ్చే యూనికోడ్‌లో తెలుగుకు 3072 నుంచి 3199 వరకు స్థానాలు కేటాయించారు. ఆ సంఖ్యలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు అక్షరానికీ, గుణింతపు గుర్తుకూ మూడేసి బైట్లు పడతాయి: మొదటిది ఎప్పుడూ 224, రెండోది 176 గానీ 177 గానీ, మూడోది 128 నుంచి 191 లోపు. ఉదాహరణకు 'క' అంటే 224, 176, 149. మూడూ 126 దాటినవే కాబట్టి స్ట్రింగ్స్ దృష్టిలో అక్కడ అక్షరమే లేదు.

విండోస్ ఎక్స్‌పీ కాలపు వర్డ్ పత్రాల్లో యూనికోడ్ తెలుగు యూటీఎఫ్-16 పద్ధతిలో ఉంటుంది. అక్కడ అదే 'క' 21, 12 అనే రెండు బైట్లు. ప్రతి తెలుగు అక్షరం వెనుకా 12 అనే విలువ వచ్చి వరుసను తెంచేస్తుంది కాబట్టి ఇక్కడా మనకు దక్కేది మౌనమే.

మూడో రకం మన జిల్లాల డీటీపీ దుకాణాల్లో అన్నిటికంటే ఎక్కువగా ఎదురవుతుంది. పుటలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేరులో అను ఫాంట్లతో కూర్చిన పుస్తకాలు, కరపత్రాలు, శుభలేఖలు యూనికోడ్‌లో లేనే లేవు. ఆ ఫాంట్లలో తలకట్టుకో, వత్తుకో, అక్షరపు ముక్కకో ఒక్కో బైటును కేటాయించి, ఇంగ్లీషు, ఐరోపా అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలను కూర్చోబెట్టారు. ఫాంటు తీసేస్తే మిగిలేది ఐరోపా అక్షరాల గందరగోళమే. పేజ్‌మేకర్ చివరి పెద్ద వెర్షన్ 7.0 2001లో వచ్చింది, ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు మన ప్రెస్సుల పని దాని మీదే నడిచింది.

కాబట్టి ఒకే ఫైలును మూడు రకాలుగా ప్రశ్నించాలి. మూడింటికీ జవాబు రాకపోయినా, ఫైలు కుదించి ఉందేమో చూసిన తర్వాతే అందులో తెలుగు లేదనుకోవాలి.

సిద్ధం చేసుకోవడం

ఉబుంటు, డెబియన్ వంటి లినక్స్ వ్యవస్థల్లో ఈ కమాండ్ బిన్‌యుటిల్స్ అనే ప్యాకేజీలో వస్తుంది: బి, ఐ, ఎన్, యు, టి, ఐ, ఎల్, ఎస్.

సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ బిన్‌యుటిల్స్

సుడో అంటే ఎస్, యు, డి, ఓ; ఆప్ట్ అంటే ఎ, పి, టి. విండోస్ లోపలే లినక్స్‌ను నడిపే డబ్ల్యూఎస్‌ఎల్ ద్వారా ఉబుంటును పెట్టుకుంటే కింద చెప్పేవన్నీ అలాగే పనిచేస్తాయి. కంప్యూటరు లేని విద్యార్థులు ఆండ్రాయిడ్ ఫోనులో టెర్మక్స్ యాప్ పెట్టుకుని, అందులో ఇదే ప్యాకేజీని ఎక్కించుకోవచ్చు. విండోస్‌కు సిస్‌ఇంటర్నల్స్ వారి స్ట్రింగ్స్ వేరుగా ఉంది. దాని ఆప్షన్లు వేరు, కనీస పొడవు కూడా అక్కడ మూడు. దాని గురించి రాసిన సూచనలను దీనికి కలపకండి.

పని మొదలుపెట్టే ముందు ఫైళ్లన్నిటినీ వేరే ఫోల్డరులోకి నకలు తీసి, ఆ నకళ్ల మీదే పనిచేయండి. స్ట్రింగ్స్ ఫైలును చదవడమే గానీ మార్చదు. అయితే దాని ఫలితాన్ని మరో ఫైలులోకి మళ్లించే గుర్తు (>) పక్కన పొరపాటున అసలు ఫైలు పేరే రాస్తే, ఆ ఫైలు అక్కడికక్కడే ఖాళీ అయిపోతుంది. పాత డిస్కు నుంచి ఒక్కసారి మాత్రమే తీయగలిగిన ఫైలు విషయంలో ఆ పొరపాటును దిద్దుకునే దారి ఉండదు.

మొదటి ప్రశ్న: ఇది ఏ రకం ఫైలు

స్ట్రింగ్స్ -ఎన్ 8 నకలు1 | లెస్

-ఎన్ పక్కన రాసే అంకె కనీస పొడవు. నిలువు గీత ముందున్న కమాండ్ ఫలితాన్ని తర్వాతి కమాండ్‌కు అందిస్తుంది. లెస్ దాన్ని పేజీ పేజీగా చూపిస్తుంది, క్యూ నొక్కితే మూసుకుంటుంది. ఈ దశలో తెలుగు కోసం వెతకవద్దు. ఫైలు పుట్టుపూర్వోత్తరాలు చెప్పే ఇంగ్లీషు ముక్కల కోసం చూడండి. మొదట్లోనే పీడీఎఫ్ అని, దాని వెంట 1.4 వంటి అంకె కనిపిస్తే ఆ రకం మీకు తెలిసిపోయినట్టే. ఎగ్జిఫ్ అనే మాటా, కెమెరా కంపెనీ పేరూ, కోలన్ (:) గుర్తులతో విడదీసిన తేదీ కనిపిస్తే అది ఫొటో. ఫాంటు పేర్లు కనిపిస్తే మరింత జాగ్రత్తగా చూడాలి, ఎందుకంటే తెలుగు ఏ పద్ధతిలో నిల్వ అయిందో చెప్పే ఆనవాలు అవే. అనుపమ, ప్రియాంక వంటి పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటే అను ఫాంట్ల దారి పట్టాలి. వెతికేటప్పుడు ప్రియ అన్నంత వరకే కొడితే మిగతా స్పెల్లింగు తేడాలు అడ్డురావు. ఎగ్జిఫ్, అనుపమ వంటి మాటలు ఇంగ్లీషులో ఎనిమిది అక్షరాల కంటే చిన్నవి కాబట్టి, ఏమీ కనిపించకపోతే 8 బదులు 4 పెట్టి మరోసారి నడపండి.

తర్వాత రెండు బైట్ల పద్ధతిలో ఉన్న ఇంగ్లీషును బయటికి తీయండి:

స్ట్రింగ్స్ -ఇ ఎల్ -ఎన్ 6 నకలు1 | లెస్

ఇక్కడ ఎల్ అనేది చిన్న అక్షరం. చాలా ఫాంట్లలో అది ఒకటి అంకెలా కనిపిస్తుంది కాబట్టి చూసి కొట్టండి. పాత వర్డ్ పత్రాల్లో రచయిత పేరు, ఫాంటు పేర్లు వంటివి ఈ పద్ధతిలో దొరుకుతాయి. విండోస్ ఎక్స్‌పీతో పాటు వచ్చిన తెలుగు ఫాంటు గౌతమి పేరు ఈ జాబితాలో కనిపించిందంటే, ఆ పత్రంలో యూనికోడ్ తెలుగు ఉండే అవకాశం చాలా ఎక్కువ. అయితే ఈ ఆప్షన్ కూడా 126 దాటిన అక్షరాలను చూపించదు కాబట్టి తెలుగు వాక్యాలు ఇక్కడా తెరమీదికి రావు.

నాలుగు వందల ఫైళ్లను ఒక్కొక్కటిగా చూసే ఓపిక ఎవరికీ ఉండదు. -ఎఫ్ అనే ఆప్షన్ ప్రతి పంక్తి ముందూ ఫైలు పేరు రాస్తుంది, గ్రెప్ కావలసిన మాట ఉన్న పంక్తులను మాత్రమే ఏరుతుంది. గ్రెప్ అంటే జి, ఆర్, ఇ, పి.

స్ట్రింగ్స్ -ఎఫ్ -ఎన్ 6 * | గ్రెప్ -ఐ -ఇ కడప -ఇ కడ్డప

ఇందులోని రెండు ఊరి పేర్లనూ ఇంగ్లీషులో కొట్టాలి, -ఐ అంటే చిన్న పెద్ద అక్షరాల తేడా పట్టించుకోవద్దని అర్థం. రెండో పేరు ఎందుకంటే, 2005 వరకు మన జిల్లా పేరును ఇంగ్లీషులో అధికారికంగా సి, యు, డి, డి, ఎ, పి, ఎ, హెచ్ అని రాసేవారు. 2003 నాటి పత్రంలో ఇప్పటి స్పెల్లింగు కోసం మాత్రమే వెతికితే, చిరునామా కళ్లెదురుగా ఉన్నా దొరకదు. వ్యక్తుల పేర్లు, ఊళ్ల పేర్లు వెతికేటప్పుడు ఆనాటి వాళ్లు ఎలా రాసి ఉంటారో ముందుగా ఒక కాగితం మీద రాసుకోవడం మంచిది. నాకు ఇలాంటి పనుల్లో ఎక్కువ ఫలితం ఇచ్చింది ఈ చిన్న అలవాటే.

యూటీఎఫ్-8 తెలుగు

స్ట్రింగ్స్ -ఇ ఎస్ -ఎన్ 18 నకలు1 | గ్రెప్ -ఎ -ఇ ల -ఇ న

ఈ కమాండ్‌లో ఎస్ పెద్ద అక్షరం. చిన్న ఎస్ కొడితే మళ్లీ ఆస్కీ ఒక్కటే వస్తుంది. పెద్ద ఎస్ ఇస్తే 127 దాటిన బైట్లను కూడా అక్షరాలుగానే లెక్కించి యథాతథంగా బయటికి పంపుతుంది, మీ టెర్మినల్ వాటిని మూడేసిగా కలిపి తెలుగుగా చూపిస్తుంది. కనీస పొడవును ఇక్కడ బైట్లలో కొలుస్తారని గుర్తుంచుకోండి. తెలుగు అనే మాట మూడు అక్షరాలూ మూడు గుణింతపు గుర్తులూ కలిసి 18 బైట్లు, నేను 18 అని పెట్టింది అందుకే.

ఈ ఆప్షన్‌తో చెత్త విపరీతంగా పెరుగుతుంది. కలగాపులగపు బైట్లలో ఎనిమిదింట ఏడు వంతులు ఇప్పుడు అక్షరాలుగా చెల్లుతాయి. అందువల్ల గ్రెప్ లేకుండా దీన్ని వాడితే కళ్లు నొప్పి పుట్టడం తప్ప ప్రయోజనం ఉండదు. పైన చూపిన ల, న అక్షరాలను మాత్రం తెలుగులోనే కొట్టాలి. ఒక మాదిరి పొడవున్న తెలుగు వాక్యంలో ఈ రెండింటిలో ఏదో ఒకటి రాకుండా ఉండటం అరుదు. గ్రెప్ పక్కన -ఎ తప్పనిసరి, అది లేకపోతే అస్తవ్యస్తమైన బైట్లను చూసిన గ్రెప్ పంక్తులను చూపించకుండా, బైనరీ ఫైలులో మాట దొరికిందని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటుంది.

వర్డ్ పత్రాల్లోని తెలుగు

ఇక్కడ స్ట్రింగ్స్ తోడు సరిపోదు. ఐకాన్వ్ అనే మరో కమాండ్‌తో ఫైలు మొత్తాన్ని యూటీఎఫ్-8లోకి మార్చి, ఆ ఫలితంలో వెతకాలి. ఐకాన్వ్ అంటే ఐ, సి, ఓ, ఎన్, వి.

ఐకాన్వ్ -సి -ఎఫ్ యూటీఎఫ్-16ఎల్‌ఈ -టి యూటీఎఫ్-8 నకలు1 > మార్చినది.టిఎక్స్‌టి

-సి అంటే మార్చలేని బైట్లను వదిలేసి ముందుకు సాగమని. మార్చిన ఫైలును తెరిస్తే చైనా లిపిలాంటి అక్షరాలు పేజీల కొద్దీ కనిపిస్తాయి. అవి ఎవరో రాసినవి కావు, పత్రంలోని ఇతర సమాచారాన్ని రెండేసి బైట్లుగా చదివినప్పుడు అలా పడతాయి. వాటి మధ్య తెలుగు ఒకేచోట గుంపుగా ఉంటుంది, గ్రెప్ దాన్ని సులువుగా పట్టిస్తుంది. గౌతమి ఆనవాలు ఉండి కూడా తెలుగు కనిపించకపోతే, పాఠం బేసి స్థానంలో మొదలై ఉండవచ్చు. టెయిల్ -సి +2 అనే కమాండ్‌తో మొదటి బైటును తీసేసి, మిగిలిన భాగాన్ని మరోసారి మార్చి చూడండి. ముక్కలైన డిస్కుల నుంచి తీసిన ఫైళ్లలో ఇది నిజంగా పనికొస్తుంది.

అను ఫాంట్ల పాఠం

అయ్యవారి పాటలు దొరికింది ఈ దారిలోనే. ఒక పేరులేని ఫైలులో అనుపమ అనే ఫాంటు పేరు ఇంగ్లీషులో ఇరవై సార్లకు పైగా వచ్చింది. దాని మీద ఈ వరుస నడిపాను:

స్ట్రింగ్స్ -ఇ ఎస్ -ఎన్ 20 నకలు37 | ఐకాన్వ్ -సి -ఎఫ్ సిపి1252 -టి యూటీఎఫ్-8 > పాటలు.టిఎక్స్‌టి

ఎస్ ఇక్కడా పెద్దదే. సిపి1252 అంటే విండోస్ వాడిన ఐరోపా అక్షరాల పట్టిక. ఐకాన్వ్ దశను వదిలేస్తే 127 దాటిన బైట్ల స్థానంలో టెర్మినల్ ప్రశ్నార్థకాలు చూపిస్తుంది, నకలు చేసుకోవడానికి ఏమీ మిగలదు. ఈ దశ తర్వాత వచ్చేది కూడా చదవగలిగే తెలుగు కాదు, నెత్తిన చుక్కలూ గీతలూ ఉన్న ఐరోపా అక్షరాల వరుస. దాన్ని అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టరులో వేయాలి. కన్వర్టరు అను వెర్షన్‌ను అడిగితే, ముందుగా రెండు పంక్తులు మాత్రమే వేసి ఏ వెర్షన్‌తో అర్థవంతమైన మాటలు వస్తున్నాయో చూసుకుని, ఆ తర్వాతే మొత్తం వేయండి.

ఒక జాగ్రత్త ఉంది. సిపి1252 పట్టికలో 129, 141, 143, 144, 157 అనే అయిదు విలువలకు అక్షరాలు కేటాయించలేదు. ఫాంటు ఆ స్థానాల్లో ఏదైనా వత్తునో గుర్తునో పెట్టి ఉంటే, -సి ఆప్షన్ వల్ల అవి చప్పుడు లేకుండా రాలిపోతాయి. -సి లేకుండా ఒకసారి నడిపితే అలాంటి బైటు ఎదురైన చోట ఐకాన్వ్ ఆగి, స్థానం చెబుతుంది. ఆగకుండా చివరిదాకా వెళ్లిందంటే ఏదీ రాలిపోలేదని నమ్మవచ్చు.

పాఠం ఫైలులో ఎక్కడ ఉందో తెలియాలంటే స్ట్రింగ్స్‌కు -టి డి అనే ఆప్షన్ కలపండి. ప్రతి పంక్తి ముందు, అది మొదలైన బైటు సంఖ్య వస్తుంది. ఒక పాట మధ్యలో పంక్తి తెగిపోతే, ఆ సంఖ్య నుంచి కొన్ని వందల బైట్లను టెయిల్, హెడ్ కమాండ్లతో కత్తిరించి తీసి, తెగిన చోట ఏమి అడ్డు వచ్చిందో చూడవచ్చు.

ఏమీ రానప్పుడు

వర్డ్ 2007 నుంచి వచ్చిన డాక్స్ పత్రం నిజానికి జిప్ పెట్టె. లోపలి పాఠం కుదించి ఉంటుంది కాబట్టి పై పద్ధతుల్లో ఏదీ పనిచేయదు. స్ట్రింగ్స్ ఫలితంలో వర్డ్, డాక్యుమెంట్, ఎక్స్‌ఎమ్‌ఎల్ అనే మాటలు ఒకే పేరులో కలిసి కనిపిస్తే, దాన్ని అన్‌జిప్‌తో విప్పి లోపలి ఫైలును చదవండి. పీడీఎఫ్‌లో ఫ్లేట్‌డీకోడ్ అనే మాట పదేపదే వస్తే అక్కడా కుదింపే, పీడీఎఫ్‌టుటెక్స్ట్ వాడాలి. ప్రోగ్రాములూ కుదించి ఉండవచ్చు కాబట్టి, ఒక ప్రోగ్రాములో అనుమానాస్పదమైన మాటలు కనిపించలేదని దాన్ని నిశ్చింతగా నడపకండి.

ఇంకొక మాట. స్ట్రింగ్స్ పాత వెర్షన్లు ఫైలు ఎగ్జిక్యూటబుల్ (ప్రోగ్రాము) రకం అయితే దాని నిర్మాణాన్ని విశ్లేషించి, కొన్ని భాగాలను మాత్రమే చదివేవి. ఆ విశ్లేషణలోని లోపాన్ని ఆధారం చేసుకుని హానికరమైన ఫైలుతో దాడి చేసే వీలుందని 2014లో మిహావ్ జలెవ్‌స్కీ అనే భద్రతా నిపుణుడు బయటపెట్టారు. ఇప్పటి వెర్షన్లు మామూలుగా ఫైలు మొత్తాన్ని నేరుగా చదువుతాయి. మీ దగ్గర చాలా పాత లినక్స్ ఉంటే -ఎ ఆప్షన్‌ను ప్రతిసారీ స్వయంగా ఇవ్వండి.

డీటీపీ దుకాణపు డిస్కులో ఊరివాళ్ల చిరునామాలు, ఫోను నంబర్లు, దరఖాస్తులు ఉంటాయి. స్ట్రింగ్స్ వాటినీ బయటికి తెస్తుంది. మాకు కావలసిన ఫైలు దొరికిన రోజే మిగతా ఫలితాలన్నిటినీ చెరిపేసి, పెన్ డ్రైవును మిత్రుడికే తిరిగి ఇచ్చాను. నకలు37 నుంచి వచ్చిన పాఠాన్ని పెద్ద అక్షరాల్లో ముద్రించి అయ్యవారికి పంపితే, ఆయన తన చేతిరాత నోటుపుస్తకం పక్కన పెట్టుకుని ఒక్కో చరణాన్నీ సరిచూస్తున్నారు. ఐకాన్వ్ ఆగిన ప్రతి చోటినీ ఎర్ర సిరాతో గుర్తుపెట్టి ఇచ్చాను, వత్తులు రాలిన మాటలను ఆయన ఆ గుర్తుల దగ్గరే దిద్దుతున్నారు.